ఓరెమా, పెండరా, హెల్త్ బిలీఫ్ మోడలా? నర్సింగ్ పరిశోధనలో థియరీని ఎంచుకోవడం, తూచి చూడడం

విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద చదివినా, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ కింద చదివినా ఎమ్మెస్సీ నర్సింగ్ వాళ్లకు సినాప్సిస్ రాసే రోజుల్లో ఎదురయ్యే చిక్కు ఒకటే. టాపిక్ కుదిరింది, గైడ్ సరేనన్నారు, శాంపిల్ ఎక్కడ తీసుకోవాలో తేలింది. తీరా ‘కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్’ (స్టడీకి ఆధారమయ్యే థియరీ చట్రం) అనే శీర్షిక దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. లైబ్రరీలో పాత థీసిస్‌లు తిరగేస్తే అవే థియరీలు, వాటిని చెప్పినవాళ్ల పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి: ఓరెమ్, రాయ్, కింగ్, పెండర్, వీడెన్‌బాక్, బెర్టలాన్ఫీ, స్టఫుల్‌బీమ్, హెల్త్ బిలీఫ్ మోడల్. వాటిలో ఒక బొమ్మ తీసుకుని డబ్బాల్లో మన టాపిక్ మాటలు నింపితే పేజీ నిండుతుంది. వైవాలో ఎవరైనా “ఇదే ఎందుకు?” అని అడిగేదాకా ఇబ్బంది కూడా ఉండదు.

జర్నల్ క్లబ్‌లో ఇంకొకరి పేపర్‌ను విమర్శించాల్సిన వాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇంతే. మెథడ్ గురించి రెండు పేజీలు రాసి, థియరీ దగ్గర “సముచితంగా ఉంది” అని ఒక్క మాట అనేసి దాటేస్తారు. సొంత స్టడీకి థియరీ ఎంచుకున్నా, ఇంకొకరి స్టడీలోని థియరీని తూచినా చూడాల్సిన విషయాలు అవే. అందుకే రెండూ కలిపే చెప్తున్నాను.

## దేన్ని బట్టి తూచాలి

నా దృష్టిలో అన్నిటికన్నా ముందుండే పరీక్ష: ఆ థియరీ ఉన్న పేజీలను థీసిస్‌లోంచి తీసేశామనుకోండి. టూల్‌లో, అంటే డేటా సేకరించే ప్రశ్నావళిలో, ఒక్క ప్రశ్నయినా మారుతుందా? పేషెంట్లకు చెప్పే పాఠంలో ఏదైనా భాగం అనవసరమైపోతుందా? హైపాథసిస్ (ముందుగా వేసుకునే అంచనా) ఏదైనా ఆధారం లేకుండా మిగులుతుందా? ఫలితాలను వివరించే చోట ఖాళీ ఏర్పడుతుందా? వీటిలో ఏ ఒక్కటీ జరగకపోతే ఆ స్టడీలో ఉన్నది థియరీ బొమ్మ మాత్రమే. మిగతా కొలమానాలన్నీ ఈ ప్రశ్నను విడదీసి అడగడమే.

మొదట చూడాల్సింది స్థాయి. ఓరెమ్, రాయ్, కింగ్, న్యూమన్ లాంటి వాళ్లవి పెద్ద నమూనాలు. మనిషి, పరిసరాలు, ఆరోగ్యం, నర్సింగ్ ఈ నాలుగింటి గురించీ మొత్తంగా ఒక చూపునిస్తాయి. కోల్కాబా కంఫర్ట్ థియరీ, మిషెల్ అనిశ్చితి థియరీ లాంటివి మిడిల్ రేంజ్. తక్కువ విషయం గురించి ఎక్కువ కచ్చితంగా మాట్లాడతాయి. పెద్ద నమూనా తీసుకుంటే అందులోని భావన నుంచి మన టూల్‌లోని ప్రశ్న దాకా మెట్లన్నీ మనమే కట్టుకోవాలి. మిడిల్ రేంజ్ అయితే చాలా మెట్లు వాళ్లే కట్టి పెట్టారు. రెండేళ్ల కోర్సులో, డేటా సేకరణకు నెలా నెలన్నర మాత్రమే దొరికే విద్యార్థికి ఇది చిన్న తేడా కాదు.

తర్వాత చూడాల్సింది భావనకూ కొలతకూ ఉన్న లంకె. ఫ్రేమ్‌వర్క్ బొమ్మలోని ప్రతి డబ్బా మీదా వేలు పెట్టి, “దీన్ని నా టూల్‌లో ఏ ప్రశ్న కొలుస్తుంది?” అని అడగండి. జవాబు లేని డబ్బాలుంటే వాటిని మేం పరీక్షించలేదని రాయాలి. రాయకుండా వదిలేస్తే పరీక్షకుడికి దొరికిపోయేది అక్కడే.

మూడోది, థియరీ ఏ దిశను చెప్తోంది. మంచి థియరీ ‘ఇది పెరిగితే అది తగ్గుతుంది, ఎందుకంటే...’ అని ముందే చెప్పగలగాలి. ఆ ‘ఎందుకంటే’ లేని చోట హైపాథసిస్ వట్టి ఆశే. చివరిగా, మన మనుషులకు అది సరిపోతుందా అన్న ప్రశ్న. వీటిలో చాలా థియరీలు అమెరికాలో పుట్టాయి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, మందు ఎవరు కొంటారు, పేషెంట్‌తో ఆసుపత్రికి ఎవరొస్తారు అనేవి మన దగ్గర వేరుగా ఉంటాయి.

## ఒకే సమస్య, వేర్వేరు థియరీలు

పోల్చడానికి ఒక ఊహాత్మక స్టడీ తీసుకుందాం. పీహెచ్‌సీలో ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల) క్లినిక్‌కు వచ్చే షుగర్ పేషెంట్లు, పాదాల సంరక్షణ. వాళ్లలో ఒకామెను కళ్ల ముందు పెట్టుకోండి: యాభై ఏళ్లు దాటిన వ్యవసాయ కూలీ, వరి నాట్లకు వెళ్తుంది, బురదలో చెప్పులుండవు. పదేళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గింది, 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (స్పర్శ పరీక్షించే సన్నటి నైలాన్ తీగ) అరికాలి మీద నొక్కితే కొన్ని చోట్ల తెలియడం లేదు. “రోజూ అరికాళ్లు చూసుకుంటున్నావా అమ్మా?” అంటే నవ్వి ఊరుకుంటుంది.

ఆమె ఎందుకు చూసుకోవడం లేదు? ఒక్కో థియరీ దీనికి ఒక్కో జవాబు వెతుకుతుంది. ఎంపిక అంతా ఇక్కడే ఉంది.

### హెల్త్ బిలీఫ్ మోడల్

1950ల్లో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లో పనిచేసిన సామాజిక మనస్తత్వవేత్తలు హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ తదితరులు దీన్ని తయారుచేశారు. క్షయ గుర్తించడానికి ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదన్నది అప్పటి ప్రశ్న. అంటే ‘సదుపాయం ఉంది, వాడుకోవడం లేదు’ అనే సమస్యకే ఇది పుట్టింది. ఈ జబ్బు నాకు రావచ్చు, వస్తే తీవ్రంగా ఉంటుంది, ఈ పని చేస్తే లాభముంది, చేయడానికి ఈ అడ్డంకులున్నాయి అనే నాలుగు నమ్మకాలు, పైన పనికి పురికొల్పే సూచన. ‘నేను చేయగలను’ అనే స్వయం సామర్థ్య నమ్మకాన్ని 1988లో రోజెన్‌స్టాక్, స్ట్రెచర్, బెకర్ చేర్చారు.

మన కూలీ దగ్గరకు తీసుకొస్తే ఈ మోడల్ బలం వెంటనే కనిపిస్తుంది. మామూలుగా ముల్లు గుచ్చుకుంటే నొప్పే మనల్ని కాలు చూసుకోమంటుంది. ఆమెకు ఆ నొప్పి తెలియదు. అంటే మోడల్ చెప్పే ‘సూచన’ ఆమె శరీరంలోంచే పోయింది. కాబట్టి బయటి నుంచి ఒక సూచన పెట్టాలి: రాత్రి మాత్ర వేసుకునేటప్పుడే కాళ్లు కడుక్కుని చూసుకోవడం, లేదా ఇంట్లో ఫలానా మనిషి గుర్తుచేయడం. ఈ ఆలోచన పాఠంలోకి థియరీ వల్లే వచ్చింది. థియరీ పని చేయడమంటే ఇది.

బలహీనత కూడా అదే పొలంలో ఉంది. ‘అడ్డంకి’ని ఈ మోడల్ మనిషి మనసులోని అభిప్రాయంగా చూస్తుంది. బురదలో చెప్పు నిలవకపోవడం ఆమె అభిప్రాయం కాదు. ఫ్లిప్ చార్టు చూపించి దాన్ని తగ్గించలేం. అలాంటి అడ్డంకులు ఎక్కువగా ఉన్న చోట ఈ మోడల్‌తో స్టడీ చేస్తే తప్పంతా పేషెంట్ నమ్మకాల మీదకు పోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కాలు తీసేసిన ఫోటోలు చూపించి భయం పెంచి, ఏం చేయాలో చేయించి చూపకపోతే చాలామంది మొహం తిప్పుకుంటారు. స్వయం సామర్థ్యాన్ని కొలవని హెల్త్ బిలీఫ్ స్టడీ నా లెక్కలో సగం స్టడీ.

థీసిస్‌లలో తరచుగా కనిపించే లోపం మరొకటి. పేరు హెల్త్ బిలీఫ్ మోడల్, టూల్ మాత్రం ముప్పై నాలెడ్జ్ ప్రశ్నలు. ఈ మోడల్‌లో నాలెడ్జ్ ప్రధాన భావన కానే కాదు. వయసు, చదువులతో పాటు పక్కన ఉండే ప్రభావాల్లో ఒకటి. నాలెడ్జ్ స్కోరు పెరిగిందని చూపిస్తే పక్క డబ్బాను కొలిచి అసలు డబ్బాలను వదిలేసినట్టే.

### ఓరెమ్

డొరొథియా ఓరెమ్ 1971 నుంచి పెంచుకుంటూ వచ్చిన ఆలోచనలో మూడు థియరీలు కలిసి ఉన్నాయి: స్వీయ సంరక్షణ, దాని లోటు, నర్సింగ్ వ్యవస్థలు. మనిషికి కావాల్సిన సంరక్షణ ఎంత, చేసుకోగలిగే శక్తి ఎంత, ఈ రెంటి మధ్య లోటు ఉంటే నర్సు ఏ మేరకు పూరించాలి అన్నది సారం. పూర్తిగా చేసిపెట్టడం, కొంత చేసిపెట్టడం, నేర్పించి అండగా ఉండడం అని మూడు తీర్ల వ్యవస్థలు చెప్పింది.

మన కూలీని ఓరెమ్ ‘నమ్ముతున్నావా?’ అని అడగదు, ‘చేయగలవా?’ అని అడుగుతుంది. వంగితే మోకాళ్లు సహకరిస్తాయా? షుగర్ వల్ల చూపు మందగించిందా? అరికాలు కనిపించేలా అద్దం ఉందా? గోళ్లు ఎవరు తీస్తారు? ఈ ప్రశ్నలతో టూల్ రూపమే మారిపోతుంది. స్కోరుతో పాటు పేషెంట్‌తో చేయించి చూసే చెక్‌లిస్టు అవసరమవుతుంది.

‘స్వీయ’ సంరక్షణ అనేది మన ఇళ్లకు పడదని కొందరంటారు. కోడలో, మొగుడో చూసిపెట్టే ఇంట్లో ఒక్క మనిషి సామర్థ్యాన్ని కొలిచి ఏం లాభం అని. అభ్యంతరం న్యాయమే, కానీ ఓరెమ్ దగ్గర దానికి జవాబుంది. ఆధారపడిన వాళ్ల సంరక్షణ చూసే మనిషి అనే భావన ఆమె థియరీలోనే ఉంది. దాన్ని వాడుకుంటే శాంపిల్ కూడా మారుతుంది: పేషెంట్‌తో పాటు ఇంట్లో చూసుకునే మనిషినీ తీసుకోవాలి, ఇద్దరికీ నేర్పించాలి. నేను గమనించినంతలో మన థీసిస్‌లు ఓరెమ్ పేరు విరివిగా వాడతాయి, ఈ భాగాన్ని మాత్రం ముట్టుకోవు. పేషెంట్‌తో ఎవరో ఒకరు తప్పకుండా వచ్చే మన ఓపీల్లో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

లోపమేంటంటే, భావనలు పెద్దవి, మాటలు బరువు. స్వీయ సంరక్షణ శక్తిని కొలిచే తయారు స్కేళ్లున్నాయి గానీ అవి సాధారణ సామర్థ్యాన్ని కొలుస్తాయి, పాదాల గురించి ప్రత్యేకంగా అడగవు. షుగర్ స్వీయ సంరక్షణ పనుల స్కేల్‌లో పాదాలు చూసుకోవడం, చెప్పుల లోపల చూసుకోవడం గత ఏడు రోజుల్లో ఎన్ని రోజులు చేశారనే ప్రశ్నలుంటాయి. వాటిని ఓరెమ్‌తో కలిపి వాడొచ్చు. అనుమతి తీసుకోవడం, తెలుగు చేయడం, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించి సరిచూడడం, రిలయబిలిటీ (మళ్లీ కొలిచినా అదే జవాబు వస్తుందా) చూడడం, ఇవన్నీ మీ నెత్తినే పడతాయి.

### పెండర్

నోలా పెండర్ హెల్త్ ప్రమోషన్ మోడల్ 1982లో వచ్చింది, 1996లో సవరించారు. దీని ప్రత్యేకత, భయాన్నీ ముప్పునూ ప్రేరణగా తీసుకోకపోవడం. ఆరోగ్యం పెంచుకోవాలనే కోరిక, లాభాలు, అడ్డంకులు, స్వయం సామర్థ్యం, పని చేస్తున్నప్పుడు కలిగే అనుభూతి, చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, పరిస్థితుల ప్రభావం ఇందులో ముఖ్యం. పైగా ‘అప్పటికప్పుడు పోటీకొచ్చే పనులు’ అనే భావన ఒకటుంది. తెల్లవారుజామున వంట చేసి, నాట్లకు పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి కాళ్లు చూసుకోవడానికి తీరిక ఎప్పుడన్నది ఈ మోడల్‌లో సూటిగా అడగొచ్చు.

అయినా పాదాల స్టడీకి ఇది నా మొదటి ఎంపిక కాదు. స్పర్శ పోయిన కాళ్ల విషయంలో ముప్పు నిజం, దాన్ని పక్కనపెట్టే మోడల్‌తో పని సాగడం కష్టం. ఇంకా జబ్బు రాని వాళ్లకు, అంటే కాలేజీ అమ్మాయిల ఆహారపు అలవాట్లకో, ఐటీ ఉద్యోగుల నడకకో, రిటైరైన వాళ్ల వ్యాయామానికో ఇది చక్కగా కుదురుతుంది. అక్కడ భయపెట్టడం ఎలాగూ పనిచేయదు.

ఇందులో భావనలు మరీ ఎక్కువ. అరవై మంది శాంపిల్‌తో అన్నిటినీ పరీక్షించబోతే గణాంకాలు ఒప్పుకోవు. మూడో నాలుగో ఎంచుకుని, మిగతావి ఎందుకు వదిలేశారో రాయండి. దీనికి అనుబంధంగా వచ్చిన జీవనశైలి స్కేల్ రెండో రూపంలో 52 ప్రశ్నలుంటాయి. చదవడం రాని పేషెంట్‌కు ఒక్కొక్కటీ చదివి వినిపించాలంటే ఎంత సేపు పడుతుందో పైలట్ స్టడీలోనే తెలిసిపోతుంది.

పరీక్షకులకు ఒక గుర్తు: పెండర్ బొమ్మలో ‘పనికి పురికొల్పే సూచనలు’ అనే డబ్బా ఉంటే అది 1982 నాటి రూపం. సవరణలో దాన్ని తీసేశారు. కింద 1996 అని రాసి పైన పాత బొమ్మ వేసిన చోట, ఆ విద్యార్థి అసలు మూలం చూడకుండా ఇంకో థీసిస్ చూసి వేశారని అనుకోవచ్చు.

### బెర్టలాన్ఫీ సిస్టమ్ థియరీ, స్టఫుల్‌బీమ్ మోడల్

మన థీసిస్‌లలో బాగా అలవాటైన బొమ్మ ఇదే: ఇన్‌పుట్, త్రూపుట్, అవుట్‌పుట్, కింద ఫీడ్‌బ్యాక్ బాణం. ఇన్‌పుట్ అంటే వయసు, చదువు, ప్రీటెస్ట్. త్రూపుట్ అంటే స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్. అవుట్‌పుట్ అంటే పోస్ట్‌టెస్ట్ స్కోరు. పాదాలు తీసేసి తల్లిపాలు పెట్టినా, చేతుల శుభ్రత పెట్టినా, బయోమెడికల్ వ్యర్థాలు పెట్టినా బొమ్మలో మార్పుండదు. ఫ్రీసైజ్ నైటీలా అందరికీ పడుతుంది, ఎవరి కొలతా చెప్పదు. మన కూలీ గురించి అది అడిగే ప్రత్యేకమైన ప్రశ్న ఒక్కటీ లేదు. తీసేసి చూసే పరీక్షలో ఇది దాదాపు ప్రతిసారీ తప్పుతుంది.

తప్పు బెర్టలాన్ఫీది కాదు. ఆయన జీవశాస్త్రవేత్త, వ్యవస్థల్లో భాగాలు ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడతాయో ఆలోచించాడు. మీ స్టడీలో నిజంగా వ్యవస్థే ఉంటే, ఉదాహరణకు షిఫ్ట్ మారేటప్పుడు వార్డులో అప్పగింతలు, సబ్‌సెంటర్ నుంచి జిల్లా ఆసుపత్రి దాకా రెఫరల్, ఐసీయూ అలారాలు, అప్పుడు వాడండి. ఫీడ్‌బ్యాక్ బాణం వేసినప్పుడు ఆ ఫీడ్‌బ్యాక్‌ను కొలిచి తీరాలి. సంరక్షణ నాణ్యత విషయమైతే 1966లో డొనబేడియన్ చెప్పిన నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే చట్రం ఇంకా దగ్గరగా ఉంటుంది.

స్టఫుల్‌బీమ్ సందర్భం-ఇన్‌పుట్-ప్రక్రియ-ఫలితం మోడల్ విద్యా కార్యక్రమాల మూల్యాంకనం కోసం పుట్టింది. ఏఎన్‌ఎంల శిక్షణ ఎలా సాగిందో చూడాలంటే ఓరెమ్ కన్నా అదే మేలు. పేషెంట్ ప్రవర్తన ఎందుకు మారిందో, ఎందుకు మారలేదో చెప్పమంటే దాని వల్ల కాదు.

### కింగ్, వీడెన్‌బాక్, రాయ్

ఇమోజీన్ కింగ్ గోల్ అటైన్‌మెంట్ థియరీలో ప్రాణం ఒక్కచోటే ఉంది: నర్సూ పేషెంటూ కలిసి లక్ష్యం పెట్టుకోవడం. లక్ష్యం నర్సు ముందే రాసుకొచ్చి అందరికీ ఒకే పాఠం చెప్పే స్టడీలో కింగ్‌కు చోటు లేదు. ‘ట్రాన్సాక్షన్’ (ఆ లక్ష్యం వైపు ఇద్దరూ కలిసి చేసే పని) అన్న డబ్బాలో పోస్ట్‌టెస్ట్ అని రాసి ఉంటే ఆ థియరీని అర్థం చేసుకోలేదనే లెక్క. మన కూలీతో కూర్చుని “వారంలో ఎన్ని రోజులు వీలవుతుంది?” అని అడిగి, ఆమె నాలుగు రోజులంటే నాలుగే రాసుకుని, నెల తర్వాత కలిసి చూసుకునే స్టడీ అయితే కింగ్ కన్నా మంచిది దొరకదు.

వీడెన్‌బాక్ 1964 నాటి ఆలోచన అవసరం గుర్తించడం, సాయం అందించడం, అది అందిందో లేదో నిర్ధారించుకోవడం అనే వరుసలో సాగుతుంది. ప్రసూతి వార్డుకు, పడక పక్కన చేసే పనులకు బాగుంటుంది. బోధన స్టడీలకు అతికిస్తే ఇదీ సిస్టమ్ బొమ్మలాగే తేలిపోతుంది.

కలిస్టా రాయ్ అడాప్టేషన్ మోడల్ డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు, రొమ్ము తీసేసిన వాళ్లకు, కాలు పోయాక బతుకును సర్దుకుంటున్న వాళ్లకు. శరీరం, తన గురించి తన భావన, పాత్ర, ఇతరులతో పరస్పర ఆధారం అని నాలుగు విధాలుగా చూస్తుంది. నాలుగూ కొలవాలంటే టూల్ పొడుగవుతుంది, ఒక్కటే కొలిస్తే రాయ్ అవసరం తగ్గుతుంది.

### నొప్పి, సౌకర్యం

టాపిక్ నొప్పికి సంబంధించినదైతే పై వాటన్నిటికన్నా ముందు మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ థియరీని చూడండి. సూది వేసే చోట ఐస్, కాన్పు నొప్పుల్లో నడుము మర్దన ఎందుకు పనిచేయవచ్చో చెప్పేది అదే. కెమోథెరపీ, ఐసీయూ, కాన్పు విషయాల్లో మొత్తం సౌకర్యం చూడాలంటే కోల్కాబా. ఉపశమనం, హాయి, అధిగమించడం అనే మూడు రకాలను శారీరక, మానసిక-ఆధ్యాత్మిక, పరిసర, సామాజిక-సాంస్కృతిక సందర్భాలతో కలిపితే పన్నెండు గళ్లొస్తాయి. ఏ గడిని కొలుస్తున్నారో చూపించడం సులభం. కొత్తవాళ్లకు నేను ధైర్యంగా చెప్పగలిగే థియరీ ఇది.

## పాదాల స్టడీకి ఒక చూపులో

| థియరీ | కూలీని అడిగే ప్రశ్న | పాఠంలో వచ్చే మార్పు | ఎక్కడ తడబడుతుంది |
|---|---|---|---|
| హెల్త్ బిలీఫ్ మోడల్ | పుండు పడుతుందని అనుకుంటున్నారా? ఏది అడ్డం? | రాత్రి మాత్రతో ముడిపెట్టిన గుర్తు | పేదరికం, పని లాంటి నిజమైన అడ్డంకుల దగ్గర |
| ఓరెమ్ | వంగి చూసుకోగలరా? ఎవరు చూసిపెడతారు? | అద్దంతో చేయించి చూపడం, ఇంట్లో మనిషికి శిక్షణ | టూల్ తయారీ భారం |
| పెండర్ | తీరిక ఎప్పుడు? ఇంట్లో ఎవరు ప్రోత్సహిస్తారు? | రోజువారీ పనుల మధ్య సమయం కుదర్చడం | భావనలు ఎక్కువ, ముప్పుకు చోటు లేదు |
| కింగ్ | మీకు వీలయ్యే లక్ష్యం ఏది? | ఒక్కొక్కరితో కలిసి లక్ష్యం | అందరికీ ఒకే పాఠమైతే కుదరదు |
| రాయ్ | కాలి సమస్యతో బతుకెలా సర్దుకుంటున్నారు? | కుటుంబ పాత్ర మీద కౌన్సెలింగ్ | పుండు రాకముందు దశకు పనికిరాదు |
| సిస్టమ్ థియరీ | ప్రత్యేకంగా ఏదీ లేదు | ఏదీ లేదు | మొదట్లోనే |

నేనైతే ఈ స్టడీకి ఓరెమ్ తీసుకుంటాను. స్పర్శ పోయి, చూపు మందగించే జబ్బులో ‘చేయగలరా’ అన్నది ‘నమ్ముతున్నారా’ కన్నా ముందు ప్రశ్న. అదే పట్నంలో, షుగర్ కొత్తగా బయటపడి, కాళ్లూ కళ్లూ బాగున్న ఉద్యోగుల మీద చేస్తే హెల్త్ బిలీఫ్ మోడల్‌కు మారిపోతాను. టాపిక్ ఒకటే, మనుషులు మారితే థియరీ మారుతుంది.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

ఎమ్మెస్సీ విద్యార్థి అయితే డబ్బాలు తక్కువున్న థియరీ, దానికి తయారు స్కేల్ ఉన్నది చూసుకోండి. రొమ్ము స్వీయ పరీక్ష మీద అయితే హెల్త్ బిలీఫ్ మోడల్‌ను అనుసరించి చాంపియన్ తయారుచేసిన స్కేల్ ఉంది. సౌకర్యం మీద అయితే కోల్కాబా ప్రశ్నావళి ఉంది. స్కేల్ దొరకని గొప్ప థియరీ కన్నా స్కేల్ దొరికే మామూలు థియరీ మేలని చెప్పడం పండితులకు నచ్చకపోవచ్చు. కానీ ఎథిక్స్ కమిటీ, టూల్ వ్యాలిడేషన్, పైలట్ అంటూ నెలలు కరిగిపోతుంటే వచ్చే టెన్షన్ వాళ్లకు తెలుసు, మీకు తెలుసు.

పీహెచ్‌డీ వాళ్లకు ఆ సలహా పనికిరాదు. థియరీని వాడుకుంటే సరిపోదు, దాన్ని పరీక్షించాలి. నమ్మకం మారడం వల్లే ప్రవర్తన మారిందా, లేక వేరే దారిలో మారిందా అని మధ్యలో ఉన్న భావనలను కొలిచి చూపించాలి. శాంపిల్ లెక్క కూడా దానికి తగ్గట్టే వేయాలి. ఉద్దేశాల దాకా వెళ్లాలంటే ఐజెన్ ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతాన్ని కూడా పక్కన పెట్టి పోల్చండి.

వార్డులో పనిచేస్తూ పేపర్లు చదివే స్టాఫ్ నర్సుకు థియరీ పేరు అంత ముఖ్యం కాదు. ఇంటర్వెన్షన్‌లో పనిచేసిన భాగం ఏది, అది మా వార్డులో వీలవుతుందా అన్నది చాలు. మంచి ఫ్రేమ్‌వర్క్ ఉన్న పేపర్ ఆ భాగాన్ని విడిగా చూపిస్తుంది. లేనిది “టీచింగ్ ఫలించింది” అని ఆగిపోతుంది.

గుణాత్మక పరిశోధన చేసేవాళ్లకు పై కొలమానాలు చాలావరకు వర్తించవు. గ్రౌండెడ్ థియరీ పద్ధతిలో డేటాలోంచే కడతారు కాబట్టి థియరీ చివర వస్తుంది. మొదట్లోనే పెద్ద బొమ్మ వేసి ఉంటే అనుమానించండి. ఫినామినాలజీలో (మనుషుల అనుభవాలను అధ్యయనం చేసే పద్ధతి) తత్వవేత్త హుసెర్ల్ దారిలో వర్ణిస్తున్నారా, హైడెగర్ దారిలో అర్థం చెబుతున్నారా అన్నది చూడాలి. రెండు పేర్లూ ఒకే పేరాలో రాసి వదిలేస్తే ఏ దారీ పట్టలేదని అర్థం.

## ఇంకొకరి పేపర్ చేతిలో ఉంటే

వెనక నుంచి చదవండి. ముందు చర్చ భాగం: థియరీ పేరు అక్కడ మళ్లీ వచ్చిందా? రాకపోతే సగం జవాబు దొరికినట్టే. తర్వాత టూల్ వివరణ, ఆపైన హైపాథసిస్‌లు. పరిచయంలోని థియరీ పేరా ఆఖరున. ముందే అది చదివితే దాని భాష మనల్ని ఒప్పించేస్తుంది.

రెండు పేపర్లు ఊహించుకోండి. మొదటిది హెల్త్ బిలీఫ్ మోడల్ అని పేజీన్నర రాసి, నాలెడ్జ్ మాత్రమే కొలిచింది. రెండోది ఏ థియరీ పేరూ ఎత్తలేదు గానీ లాభాలు, అడ్డంకులు, చేయగలనన్న నమ్మకం విడివిడిగా కొలిచి, ఏది ప్రవర్తనతో ఎక్కువ కలిసి నడిచిందో చెప్పింది. చెక్‌లిస్టు ప్రకారం మొదటిదానికి మార్కులొస్తాయి. నేను రెండోదానికే ఇస్తాను. పేరు పెట్టకపోవడం లోపమే, ‘ఫ్రేమ్‌వర్క్ అంతర్లీనంగా ఉంది, ప్రకటించలేదు’ అని రాయొచ్చు. పేరు పెట్టి వాడకపోవడం అంతకన్నా పెద్ద లోపం.

ఫలితం రాని పేపర్లో ఫ్రేమ్‌వర్క్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ముప్పు పెరిగింది, అడ్డంకులు తగ్గలేదు, అందుకే ప్రవర్తన మారలేదని చెప్పగలిగితే తర్వాతి స్టడీ ఎక్కడ మొదలవ్వాలో తేలుతుంది. మధ్యలో ఏదీ కొలవని పేపర్‌కు మిగిలేది “శాంపిల్ చిన్నది” అన్న వాక్యమే.

ఒక వ్యాధి ఎంతమందిలో ఉందో లెక్కించే సర్వేకు, కొత్త టూల్ ప్రమాణాలు చూసే స్టడీకి ఫ్రేమ్‌వర్క్ పలచగా ఉన్నా ఫర్వాలేదు. అక్కడ లేని థియరీని వెతికి తప్పు పట్టకండి.

## గైడ్ సిస్టమ్ థియరీయే పెట్టమంటే

ఇది చాలామందికి వచ్చే పరిస్థితే. గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఇన్‌పుట్-అవుట్‌పుట్ బొమ్మను ‘స్టడీ ప్రణాళిక’ అని మెథడాలజీ చాప్టర్లో వేయండి, అక్కడ అది నిజంగానే ఉపయోగపడుతుంది. ఫ్రేమ్‌వర్క్ చోట ఓరెమ్‌నో, హెల్త్ బిలీఫ్ మోడల్‌నో పెట్టి, టూల్‌లోని ఏ ప్రశ్నలు ఏ భావనవో చూపే చిన్న పట్టిక తయారుచేసి మేడమ్‌కు చూపించండి. మాటలతో ఒప్పుకోని చోట కూడా పట్టిక చూస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. రెండు థియరీలు కలిపి కుట్టే ఆలోచన మాత్రం వద్దు. ఏ భావన ఏ థియరీదో వైవాలో మీకే గుర్తుండదు.

ఆ వైవాలో “ఓరెమ్ ఎందుకు, పెండర్ ఎందుకు కాదు?” అని అడిగితే సమాధానం నాలుగు ముక్కల్లో ఉండాలి. పాదాల స్టడీకైతే ఇలా చెప్పొచ్చు: “మా శాంపిల్‌లో స్పర్శ, చూపు తగ్గినవాళ్లు ఉంటారు మేడమ్. వాళ్లకు తెలిసినా చేసుకోలేని లోటు ఉంటుంది. ఆ లోటును ఓరెమ్ భావనగా ఇస్తుంది, మేం చెక్‌లిస్టులో 4 నుంచి 9 ప్రశ్నలతో కొలిచాం. పెండర్‌లో ఆ లోటుకు విడిగా డబ్బా లేదు. కుటుంబ ప్రభావాన్ని పెండర్ కూడా చూస్తుంది, కానీ మాకు కావాల్సింది ప్రోత్సహించే మనిషి కాదు, చూసిపెట్టే మనిషి.”